చిన్న ఇంటికి తక్కువ ధరలో వైఫై ఎక్స్‌టెండర్: తరచుగా అడిగే ప్రశ్నలు

రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్, చిన్న డాబా ఇల్లు, కింద పోర్షన్ పైన ఒక గది. ఇలాంటి ఇళ్లలో ఉండే చుట్టాలు, స్నేహితులు నన్ను అడిగినవీ, నేను ఒకసారి డబ్బు దండగ చేసుకుని నేర్చుకున్నవీ కలిపి ఇక్కడ రాశాను. ఖర్చు 2,500 రూపాయల చుట్టుపక్కల తేలిపోవాలన్నది నా లెక్క. వీలైతే అసలు ఖర్చే లేకుండా.

అసలు మా ఇంటికి ఎక్స్‌టెండర్ అవసరమా? ఎలా తెలుసుకోవాలి?

ఫోన్ పట్టుకుని రౌటర్ పక్కన నిలబడి స్పీడ్ టెస్ట్ చేయండి. తర్వాత నెట్ సరిగా రాని గదిలోకి వెళ్లి, తలుపు రోజూ ఎలా ఉంటుందో అలాగే ఉంచి మళ్లీ చేయండి. రౌటర్ పక్కనే స్పీడ్ రావట్లేదంటే తేడా కనెక్షన్‌లో ఉంది, లేదా రౌటర్‌లో ఉంది. అప్పుడు ఎక్స్‌టెండర్ కొన్నా ఆ నీరసపు నెట్‌నే లోపలి గదికి మోసుకెళ్తుంది. రౌటర్ దగ్గర 40 ఎంబీపీఎస్ (నెట్ స్పీడ్ కొలిచే లెక్క) వచ్చి బెడ్‌రూమ్‌లో 3 వస్తుంటే, అది సిగ్నల్ సమస్య.

అయినా వెంటనే కొనేయకండి. ముందు రౌటర్ ఎక్కడుందో చూడండి. కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన కుర్రాడు వైరు ఎక్కడ లోపలికి వచ్చిందో అక్కడే పెట్టేసి పోతాడు. మన ఇళ్లలో అది చాలాసార్లు టీవీ వెనకో, టీవీ యూనిట్ అరలోనో, వీధి గుమ్మం పైన అటక మీదో ఉంటుంది. దాన్ని అరలోంచి బయటికి తీసి, మనిషి తల ఎత్తున, ఇంటి మధ్యకు కాస్త దగ్గరగా పెడితే సగం ఇళ్లలో గొడవ తీరిపోతుంది. ఫైబర్ వైరు పొడవు చాలకపోతే కంపెనీ మనిషినే పిలిచి జరిపించుకోండి. ఆ సన్నని వైరు లోపల ఉండేది గాజు పోగు, మూల దగ్గర మడిచి మేకు కొడితే నెట్ మొత్తానికే పోతుంది.

ఎక్స్‌టెండర్ అసలు ఏం చేస్తుంది?

దుబాసీ పని చేస్తుంది. రౌటర్ చెప్పింది విని, అదే మాటను మీ ఫోన్‌కు చెబుతుంది. ఫోన్ చెప్పింది విని రౌటర్‌కు చెబుతుంది. కొత్తగా నెట్ పుట్టించదు. దుబాసీ ద్వారా మాట్లాడితే పది నిమిషాల సంగతికి ఇరవై నిమిషాలు పట్టినట్టే ఇక్కడా జరుగుతుంది. ఒకే బ్యాండ్ (వైఫై సిగ్నల్ నడిచే దారి) ఉన్న ఎక్స్‌టెండర్ వినడానికీ చెప్పడానికీ ఒకే రేడియో వాడుతుంది కాబట్టి స్పీడ్ దాదాపు సగానికి పడిపోతుంది. పరికరం పాడై కాదు, దాని స్వభావమే అంత.

అందుకే డ్యూయల్ బ్యాండ్, అంటే రెండు బ్యాండ్‌లు ఉన్నవాటికి గిరాకీ. రౌటర్‌తో ఒక బ్యాండ్‌లో, ఫోన్‌తో ఇంకో బ్యాండ్‌లో మాట్లాడితే ఆ సగం నష్టం చాలావరకు తగ్గుతుంది.

ఆ రెండు బ్యాండ్‌లు, 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ తేడా రెండు మాటల్లో చెప్పండి.

2.4 గోడలు దాటుతుంది, దూరం పోతుంది, కానీ రద్దీ ఎక్కువ, స్పీడ్ తక్కువ. 5 స్పీడ్ ఇస్తుంది, గోడ అడ్డం వస్తే త్వరగా నీరసిస్తుంది. రౌటర్ చూపించే పేర్లలో చివర 5జీ అని ఉంటే అది 5 గిగాహెర్ట్జ్ వైఫై. మొబైల్ 5జీకి, దీనికి చుట్టరికం లేదు.

మాది 30 ఎంబీపీఎస్ ప్లాన్. ఏ రకం కొనాలి?

మార్కెట్లో మన బడ్జెట్‌కు అందేవి మూడు రకాలు. ఎన్300 అంటే ఒక్క 2.4 మాత్రమే. ఏసీ750 అంటే 2.4లో 300 ఎంబీపీఎస్, 5లో 433. ఏసీ1200 అంటే 2.4లో 300, 5లో 867. ఆన్‌లైన్‌లో నాకు కనిపిస్తున్న ధరల ప్రకారం మొదటిది 1,000 నుంచి 1,500, రెండోది 2,000 లోపు, మూడోది 2,000 పైన. పండగ సేల్‌లో వందో రెండొందలో తగ్గుతాయి. ఉదాహరణకు టీపీ-లింక్‌లో టీఎల్-డబ్ల్యూఏ850ఆర్ఈ మొదటి రకం, ఆర్ఈ200 రెండోది, ఆర్ఈ305, ఆర్ఈ315 మూడోవి. వేరే కంపెనీలలోనూ ఇవే తరగతులు ఉంటాయి, డబ్బా మీద ఎన్, ఏసీ అక్షరాలు చూసుకుంటే చాలు.

30, 40 ఎంబీపీఎస్ ప్లాన్ ఉండి, చుట్టూ ఖాళీ స్థలం ఉన్న ఇండిపెండెంట్ ఇల్లయితే ఎన్300తో బండి నడిచిపోతుంది. హెచ్‌డీ వీడియోకు 5 ఎంబీపీఎస్, 4కే వీడియోకు 15 ఉంటే చాలని నెట్‌ఫ్లిక్సే చెబుతోంది. సగానికి పడిపోయినా ఒకరు సినిమా చూస్తూ ఉంటే ఇంకొకరు క్లాసు వినొచ్చు.

అపార్ట్‌మెంట్ అయితే మాత్రం ఎన్300 వద్దంటాను. మా ఫ్లాట్‌లో కూర్చుని ఫోన్‌లో చూస్తే 2.4లో పాతిక పైచిలుకు వైఫై పేర్లు కనిపిస్తాయి. ఆ బ్యాండ్‌లో ఒకదానితో ఒకటి తగలకుండా ఉండే ఛానెళ్లు మూడే మూడు: 1, 6, 11. పాతిక కుటుంబాలు మూడు కుళాయిల దగ్గర బిందెలతో నిలబడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఎన్300 ఎక్స్‌టెండర్ పెడితే మీరు ఇంకో బిందె తెచ్చి అదే వరుసలో పెట్టినట్టు. ఇంకో ఐదారు వందలు వేసుకుని ఏసీ750 తీసుకోండి. 100 ఎంబీపీఎస్ ప్లాన్ ఉంటే ఏసీ1200. అంతకు మించిన, కొత్త తరం వైఫై 6 ఎక్స్‌టెండర్లు చిన్న ఇంటికి, ఈ ప్లాన్‌లకు డబ్బు దండగ.

కంపెనీ ఇచ్చిన రౌటర్‌లో 2.4 ఒక్కటే ఉంది. డ్యూయల్ బ్యాండ్ ఎక్స్‌టెండర్ కొని లాభమేమిటి?

ఉంది. చాలా మోడళ్లు రౌటర్ నుంచి 2.4లో తీసుకుని, మీ ఫోన్‌కు 5లో ఇస్తాయి. పూర్తి స్పీడ్ రాకపోయినా సగానికి పడదు. కొనే ముందు ఆ మోడల్ అలా చేస్తుందో లేదో చూసుకోండి.

డబ్బా మీద 1200 ఎంబీపీఎస్ అని ఉంది. అంత వస్తుందా?

రాదు. రెండు బ్యాండ్‌ల కాగితపు లెక్కలు కలిపేసి 867కు 300 చేర్చి, పైకి సరిచేసి రాస్తారు. ఫోన్ ఒకసారికి ఒక బ్యాండ్‌లోనే ఉంటుంది. ఇంకో కిటుకు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది: లాన్ పోర్ట్ (నెట్ వైరు గుచ్చే రంధ్రం) 10/100 అని. అంటే వైరు ద్వారా 100 దాటదు. నేను పైన చెప్పిన మోడళ్లన్నిటిలో పోర్ట్ 100దే. మీ ప్లాన్ 100 లోపుంటే దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు.

దాన్ని ఎక్కడ పెట్టాలి?

ఏ మోడల్ కొన్నారన్న దానికంటే ఎక్కడ పెట్టారన్నదే ముఖ్యం. నేను తప్పు చేసింది కూడా ఇక్కడే.

మా రౌటర్ హాల్లో, వీధి తలుపు పక్కన ఉంటుంది. నెట్ రానిది చివరి బెడ్‌రూమ్‌లో. మధ్యలో డైనింగ్, దాని తర్వాత బాత్రూమ్ గోడ, ఆ గోడకు ఆనించి ఇనుప బీరువా. ఎక్స్‌టెండర్ రాగానే తీసుకెళ్లి బెడ్‌రూమ్‌లో మంచం పక్క ప్లగ్‌లో పెట్టాను. ఫోన్‌లో గీతలన్నీ నిండుగా వచ్చాయి. సంతోషించాను. వీడియో పెడితే గుండ్రం తిరుగుతూనే ఉంది. ఆ గీతలు చూపించేది ఫోన్‌కు, ఎక్స్‌టెండర్‌కు మధ్య సిగ్నల్‌ను మాత్రమే. ఎక్స్‌టెండర్‌కే రౌటర్ నుంచి సరిగా అందకపోతే అది మాత్రం ఏం ఇస్తుంది? దుబాసీకే వినపడట్లేదు.

వారం తిట్టుకున్న తర్వాత దాన్ని డైనింగ్‌లోకి, ఫ్రిజ్‌కు ఎదురు గోడ మీది ప్లగ్‌లోకి మార్చాను. బెడ్‌రూమ్‌లో గీతలు రెండు తగ్గాయి, స్పీడ్ 4 నుంచి 22కు పెరిగింది. అదే పరికరం, అదే ప్లాన్.

కాబట్టి నెట్ రాని గదిలో పెట్టకండి. నెట్ ఇంకా బాగా వస్తున్న చివరి చోటు వెతకండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై ఎనలైజర్ లాంటి యాప్ వేసుకుంటే సిగ్నల్‌ను మైనస్ అంకెల్లో చూపిస్తుంది. మైనస్ 50 అంటే చాలా బాగుంది, మైనస్ 65 అంటే పర్లేదు, మైనస్ 75 దాటితే కష్టం. రౌటర్ సిగ్నల్ మైనస్ 55కూ 65కూ మధ్య వచ్చే ప్లగ్ ఎక్కడుందో చూసి అక్కడ పెట్టండి. యాప్ గోల ఎందుకనుకుంటే స్పీడ్ టెస్ట్ చేస్తూ నడవండి. రౌటర్ దగ్గర వచ్చిన స్పీడ్‌లో ముప్పాతిక వంతు ఇంకా వస్తున్న చోటు అదే. చాలా ఎక్స్‌టెండర్లలో రౌటర్‌కు దూరమైతే లైటు ఎర్రగానో నారింజ రంగులోనో వెలుగుతుంది, దాన్నీ నమ్మొచ్చు.

అమెరికాలో ఉన్న తమ్ముడు రౌటర్ ఒక్కటి చాలు అంటున్నాడు. వాళ్ల ఇల్లు మాకంటే పెద్దది.

ఆయన ఇంటి గోడలు చాలావరకు చెక్క చట్రం మీద జిప్సం బోర్డు బిగించినవి. మీ ఇంట్లో తొమ్మిది అంగుళాల ఇటుక గోడ, దాని మీద సిమెంటు ప్లాస్టరింగ్, లోపల ఇనుము ఉన్న పిల్లర్లు. వీడియోల్లో చెప్పే చదరపు అడుగుల లెక్క మన ఇళ్లకు పనికిరాదు. ఇంకా ఇబ్బంది హైదరాబాద్‌లో మివాన్ పద్ధతిలో కట్టిన పెద్ద టవర్లలో ఉండేవాళ్లకు. అక్కడ గది గదికీ మధ్య గోడ కూడా కాంక్రీటే. రెండు గోడలు దాటేసరికి 5 గిగాహెర్ట్జ్ చతికిలబడుతుంది. అలాంటి ఫ్లాట్‌లలో ఎక్స్‌టెండర్‌ను గది తలుపుకు ఎదురుగా, తలుపు సందులోంచి చూపు ఆనే చోట పెడితే మంచిది.

గోడలు కాక సిగ్నల్‌ను మింగేవి: బీరువా, ఫ్రిజ్, నిలువుటద్దం, చేపల తొట్టి. వీటి వెనక ఏదీ పెట్టకండి.

తమ్ముణ్నే అక్కడి నుంచి ఎక్స్‌టెండర్ తెమ్మంటే?

వద్దు. అక్కడి ప్లగ్ బల్లపరుపు పిన్నులది, మన సాకెట్‌కు కన్వర్టర్ తగిలించాలి. ఆ బరువుకు అది గోడకు వేలాడుతూ, కదిలినప్పుడల్లా ఆగుతుంది. వారంటీ కూడా ఇక్కడ చెల్లకపోవచ్చు.

మేడ మీద గదికి పనికొస్తుందా?

స్లాబ్ దాటాలి కాబట్టి కొంచెం కష్టమే. కాకినాడలో మా పిన్ని వాళ్లింట్లో ఎక్స్‌టెండర్‌ను మెట్ల మలుపు దగ్గరి ప్లగ్‌లో పెట్టాం. అక్కడ స్లాబ్ ఉండదు, మెట్ల ఖాళీలోంచి సిగ్నల్ పైకి పోతుంది. పైగదిలో పిల్లాడి ఆన్‌లైన్ క్లాసుకు సరిపోయింది. మీ మెట్లు ఇంటి బయట నుంచి ఉంటే ఇది కుదరదు, వైరు లాగించుకోండి.

వైరు అంటున్నారు. ఎక్స్‌టెండర్ కంటే అదే మంచిదా?

ఎన్నో రెట్లు మంచిది. ఇంట్లో పాత రౌటర్ ఏదైనా మూలన పడి ఉందా? కనెక్షన్ మార్చినప్పుడు మిగిలిపోయినదైనా సరే. అయితే మీకు కావాల్సింది వైరు ఖర్చే.

పాత రౌటర్‌ను రీసెట్ చేసి, సెట్టింగుల్లో యాక్సెస్ పాయింట్ మోడ్ (వైరులో వచ్చిన నెట్‌ను వైఫైగా ఇచ్చేది) ఉందేమో చూడండి. ఉంటే ఒక్క నొక్కుతో అయిపోతుంది. లేకపోతే మూడు పనులు. ఒకటి, దాని ఐపీ అడ్రస్ (ఇంటి నెట్‌వర్క్‌లో దాని అంకెల చిరునామా) మార్చాలి: పెద్ద రౌటర్‌ది 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వండి. జియో రౌటర్‌ది మామూలుగా 192.168.29.1 ఉంటుంది, అప్పుడు దీనికి 192.168.29.2. ఆ అంకె ఇంకే పరికరానికీ వెళ్లి ఉండకూడదు. రెండు, డీహెచ్‌సీపీ (ఫోన్లకు ఐపీ అడ్రస్‌లు పంచే సెట్టింగ్) ఆపేయండి. ఇది మరిచిపోతే ఇంట్లో ఇద్దరు పెద్దలు చెరో మాట చెప్పినట్టు, ఏ ఫోన్ ఎవరి మాట వినాలో తెలియక నెట్ వస్తూ పోతూ ఉంటుంది. మూడు, వైరును పెద్ద రౌటర్ లాన్ పోర్ట్ నుంచి పాతదాని లాన్ పోర్ట్‌లోకే పెట్టండి. వాన్ అని రాసిన, వేరే రంగు పోర్ట్‌ను ఖాళీగా వదిలేయండి.

వైరు క్యాట్5ఈ చాలు. అది 100 మీటర్ల దాకా 1000 ఎంబీపీఎస్ మోయగలదు, మీ ఇంట్లో 15 మీటర్లు పడితే గొప్ప. రెండు చివర్లా కనెక్టర్లు బిగించి ఇచ్చే దుకాణాలు కంప్యూటర్లు అమ్మే ఏ వీధిలోనైనా ఉంటాయి. గోడకు బెజ్జం వేయడానికి ఓనరు ఒప్పుకోకపోతే తలుపు చట్రం పక్క నుంచి క్లిప్పులు కొట్టుకుంటూ పోవచ్చు. అందంగా ఉండదు. పని చేస్తుంది.

ఎక్స్‌టెండర్‌కే లాన్ పోర్ట్ ఉంటే?

చాలావాటిని యాక్సెస్ పాయింట్‌గా కూడా వాడొచ్చు, పాత రౌటర్ లేనివాళ్లకు ఇదొక దారి. ఎక్స్‌టెండర్ మోడ్‌లోనైతే ఆ పోర్ట్‌కు వైఫై లేని టీవీనో డెస్క్‌టాప్‌నో తగిలించుకోవచ్చు. పోర్ట్ లేని మోడల్ వంద రూపాయలు తక్కువకు వచ్చినా తీసుకోకండి.

మెష్ (ఇంట్లో అక్కడక్కడా పెట్టిన డబ్బాలన్నీ కలిసి ఒకే వైఫైగా పనిచేసేది) కొంటే అన్నీ ఒకేసారి తీరిపోవా?

తీరతాయి, జేబుతో సహా. రెండు గదుల ఇంటికి అది ఎక్కువ. పెద్ద డూప్లెక్స్ ఇంటికి అయితే నేనే మెష్ కొనమంటాను. కొన్ని ఎక్స్‌టెండర్ల మీద వన్‌మెష్ అని రాసి ఉంటుంది కదా, అది పనిచేయాలంటే రౌటర్ కూడా అదే కంపెనీది, ఆ సదుపాయం ఉన్నదే కావాలి. నెట్ కంపెనీ ఉచితంగా ఇచ్చిన డబ్బాతో మామూలుగా అది కుదరదు.

ఆన్‌లైన్‌లో 500 రూపాయలకు తెల్లని బూస్టర్లు కనిపిస్తున్నాయి. కొనొచ్చా?

మిలిటరీ టెక్నాలజీ అనీ, నెట్ స్పీడ్ పెంచుతుందనీ రాసేవాటి దగ్గరికే పోకండి. లోపల ఉండేది పాత ఎన్300, పైన పేరున్న కంపెనీ లేదు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ రాదు. మీ వైఫై పాస్‌వర్డ్ దానికి ఇస్తున్నారు, ఆ సంగతి మరిచిపోకండి.

డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా రౌటర్‌తో కలిపే) బటన్ నొక్కినా కలవట్లేదు.

నెట్ కంపెనీల రౌటర్లు కొన్నిటిలో డబ్ల్యూపీఎస్ ఉండదు, కొన్నిటిలో ఆపేసి ఉంటుంది. బటన్‌తో కుస్తీ పట్టకుండా యాప్‌లోంచి సెటప్ చేసుకోండి. మొదటిసారి ఎక్స్‌టెండర్‌ను రౌటర్ ఉన్న గదిలోనే పెట్టి కలిపి, తర్వాత దాని చోటుకు తీసుకెళ్లండి. రౌటర్‌లో సెక్యూరిటీ రకం డబ్ల్యూపీఏ3 మాత్రమే పెట్టి ఉంటే పాత మోడళ్లు కలవవు, డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ ఉండేలా మార్చండి. అడ్మిన్ పాస్‌వర్డ్ అడ్మిన్ అనే వదిలేయకండి.

రెండిటికీ ఒకే పేరు పెట్టాలా?

ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ పెడితే పెద్దవాళ్లకు సుఖం, మార్చుకునే పని ఉండదు. కానీ కొన్ని ఫోన్లు పట్టిన కొమ్మ వదలవు. బెడ్‌రూమ్‌లోకి వచ్చినా హాల్లోని రౌటర్‌నే పట్టుకుని ఉంటాయి. మీకు అలా జరుగుతుంటే ఎక్స్‌టెండర్‌కు వేరే పేరు పెట్టుకోండి. టీవీ, సీసీ కెమెరా లాంటి కదలనివాటికి వేరే పేరే మేలు. చవక కెమెరాలు చాలావరకు 2.4లో మాత్రమే పనిచేస్తాయి, 5 పేరు వెతికితే వాటికి కనిపించదు.

కరెంటు పోతే?

రౌటర్‌కు పెట్టుకునే చిన్న యూపీఎస్ ఇచ్చేది 12 వోల్టులు. గోడకు గుచ్చే ఎక్స్‌టెండర్ నేరుగా 230 వోల్టుల మీద నడుస్తుంది, కాబట్టి దానికి అది పనికిరాదు. ఇన్వర్టర్ లైను ఉన్న ప్లగ్‌లో పెట్టండి. ఏ ప్లగ్‌లో ఆ లైను ఉందో తెలియకపోతే మెయిన్ ఆపి, ఫోన్ ఛార్జర్ గుచ్చి చూస్తే తెలుస్తుంది.

ఇది నెలంతా నడిస్తే బిల్లు?

ఆరు వాట్లు తాగుతుందనుకుంటే నెలకు నాలుగు యూనిట్ల పైచిలుకు. అంతే.

ప్లగ్ విషయంలో చూసుకోవాల్సిందేమైనా ఉందా?

ఉంది, ఎవరూ చెప్పరు. మన స్విచ్ బోర్డుల్లో సాకెట్, స్విచ్‌లు ఇరుకుగా పక్కపక్కనే ఉంటాయి. కొన్ని ఎక్స్‌టెండర్లు అరచేయంత వెడల్పు. గుచ్చితే పక్క ఫ్యాన్ స్విచ్ దాని కింద దాక్కుంటుంది. మీ బోర్డు మీద సాకెట్ చుట్టూ ఎంత చోటుందో టేపుతో కొలుచుకుని, డబ్బా కొలతలతో పోల్చి చూడండి. ఎక్స్‌టెన్షన్ బోర్డులో నేల మీద పడేస్తే మంచం కింద నుంచి సిగ్నల్ రావాల్సి వస్తుంది.

నచ్చకపోతే వెనక్కి ఇవ్వొచ్చా?

ఆన్‌లైన్‌లో చాలాచోట్ల ఈ సామానుకు డబ్బు వెనక్కి ఇవ్వరు, పాడైతే మార్చి మాత్రం ఇస్తారు. కొనే పేజీలో ఆ ముక్క చదవండి. వచ్చిన రోజే మూడు నాలుగు ప్లగ్‌లలో పెట్టి, ఒక్కోచోట స్పీడ్ ఎంతొచ్చిందో రాసుకోండి. వీలైతే కొనే ముందే పక్కింటివాళ్లదో స్నేహితుడిదో ఒక సాయంత్రానికి అడిగి తెచ్చి చూడండి. నేను మా ఎక్స్‌టెండర్‌ను ఇప్పటికి ముగ్గురికి అలా ఇచ్చాను.

ఎక్స్‌టెండర్ రోజూ పొద్దున్నే ఆగిపోయి ఉంటోంది. పాడైందా?

నేనూ అలాగే అనుకుని ఒకసారి మార్పించాను కూడా. కొత్తదీ అదే తంతు. తీరా చూస్తే అమ్మ రాత్రి పడుకునే ముందు ఇల్లంతా తిరిగి, లైటు వెలుగుతున్న ప్రతి స్విచ్‌నూ ఆపేస్తోంది. "ఊరికే కరెంటు కాలుతోంది కదరా" అంది. ఆ స్విచ్ మీద తెల్ల ప్లాస్టర్ అంటించి, పైన "వైఫై" అని పెన్నుతో రాశాను. ఇప్పుడు దాన్ని వదిలేసి పక్కనున్న దోమల మెషీన్ ఆపేస్తోంది.